పాఠం 17: ప్రధానోపాధ్యాయ పదవి – మేలూ, భారమూ

17.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ప్రధానోపాధ్యాయుడు లేదా ప్రిన్సిపాల్ చేసే పనులను వివరించగలుగుతారు.
• ఆ పదవి వల్ల కలిగే మేలునూ, మోయవలసిన భారాన్నీ ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• బడికి సంబంధించిన కొన్ని చట్టాలు ప్రధానోపాధ్యాయునిపై ఏ బాధ్యత పెట్టాయో తెలుసుకుంటారు.
• పదోన్నతి వచ్చినప్పుడు నిర్ణయం ఎలా తీసుకోవాలో ఆలోచించగలుగుతారు.

17.1 పరిచయం

పుదుచ్చేరి పట్టణం దక్షిణపు అంచున, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా తేంగాయితిట్టు అనే పేట ఉంది. తమిళంలో తేంగాయి అంటే కొబ్బరికాయ. తిట్టు అంటే నీటి దగ్గర ఎత్తుగా నిలిచిన నేల. పేరుకు తగ్గట్టే ఒక పక్క ఏరు, మడచెట్లు ఉంటాయి. మరొక పక్క చేపల రేవు ఉంటుంది.

ఈ పేటలో కాపురముంటున్న ఒక ఉపాధ్యాయురాలిని ఊహించుకోండి. ఆమె కథ కల్పితమే. కాని ఆమెకు వచ్చిన చిక్కు చాలామంది ఉపాధ్యాయులకు వచ్చేదే.

ఆమె యానాంలో పుట్టి పెరిగారు. ప్రభుత్వ ఉద్యోగం రావడంతో పుదుచ్చేరికి వచ్చారు. 21 సంవత్సరాలుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఒకరోజు ఆమెకు పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. ఇక ఆమె ఒక బడికి పెద్ద. అయితే ఆ బడి యానాంలో ఉంది. పుదుచ్చేరి నుంచి యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరం. యానాంలో ఆమె తల్లి ఒంటరిగా ఉంటున్నారు. ఇక్కడ భర్త ఉద్యోగం ఉంది. కూతురు పన్నెండో తరగతి చదువుతోంది.

"హెడ్‌మిస్ట్రెస్ అంటే మాటలా అమ్మాయ్! మన ఇంటికే పేరు," అన్నారు అత్తగారు.

"పేరు సరేనమ్మా. పిల్లకి ఈ ఏడాది పెద్ద పరీక్షలు. నేనూ నువ్వూ ఇల్లు నెట్టుకురాగలమా?" అన్నారు భర్త.

బడిలో తోటి ఉపాధ్యాయుడు, వయసులో పెద్దవారు, మరోమాట చెప్పారు. "బాగా ఆలోచించుకోండి టీచరుగారూ. రేపటి నుంచి మీ చేతిలో సుద్దముక్క ఉండదు, తాళంచెవుల గుత్తి ఉంటుంది."

కొద్దిరోజుల్లో ఆమె జవాబు రాసి ఇవ్వాలి. ఏమని రాయాలి? ఈ పాఠం చివరకు వచ్చేసరికి ఆమె స్థానంలో ఉండి మీరు ఆలోచించగలుగుతారు.

మీరు ఉపాధ్యాయులు కాకపోవచ్చు. అయినా ఈ పాఠంతో మీకు పని ఉంది. మీ పిల్లలను బడిలో చేర్చడానికి వెళితే మీరు కలిసేది ప్రధానోపాధ్యాయుణ్ణే. మీలో కొందరి చదువు మధ్యలో ఆగినప్పుడు ఆ సమయంలో బడి పెద్ద చెప్పిన ఒక మాట దానికి కారణమై ఉండవచ్చు. లేదా మళ్లీ చదువు మొదలుపెట్టడానికి ఒక మంచి మాటే కారణమై ఉండవచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నవారి పని ఏమిటో తెలిస్తే వారిని ఏమి అడగవచ్చో కూడా తెలుస్తుంది.

17.2 పదవి పేరు, దానికి దారి

ప్రాథమిక, ఉన్నత పాఠశాలల్లో బడి పెద్దను ప్రధానోపాధ్యాయుడు, హెడ్‌మాస్టరు అని పిలుస్తాం. స్త్రీ అయితే ప్రధానోపాధ్యాయిని, హెడ్‌మిస్ట్రెస్ అంటాం. పన్నెండో తరగతి వరకు ఉన్న బడుల్లోనూ, కేంద్రీయ విద్యాలయాల్లోనూ, చాలా ప్రైవేటు బడుల్లోనూ ప్రిన్సిపాల్ అంటారు. పేర్లు వేరైనా పని స్వభావం ఒక్కటే.

సాధారణంగా ఈ పదవికి మూడు మెట్లుంటాయి. మొదటిది డిగ్రీ లేదా పి.జి. చదువు. రెండవది బి.ఎడ్. వంటి ఉపాధ్యాయ శిక్షణ. మూడవది కొన్నేళ్ల బోధనానుభవం. ప్రభుత్వ బడుల్లో ఎక్కువమంది సీనియారిటీని బట్టి పదోన్నతిపై ఈ పదవికి వస్తారు. కొన్ని సంస్థలు పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి నేరుగా కూడా తీసుకుంటాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మంచి ఉపాధ్యాయుడు కావడానికి ఒక రకం నేర్పు కావాలి. మంచి ప్రధానోపాధ్యాయుడు కావడానికి మరో రకం నేర్పు కావాలి. మొదటివారు పిల్లల చేత పని చేయిస్తారు. రెండవవారు పెద్దల చేత పని చేయించాలి. లెక్కలు బాగా చెప్పినందుకు బహుమానంగా లెక్కలు చెప్పే పని నుంచి తప్పించడం ఈ పదోన్నతిలో ఉన్న వింత.

17.3 ఒక రోజు పని

తేంగాయితిట్టు వంటి పేటలోని ఒక బడిలో ప్రధానోపాధ్యాయిని ఒక రోజు ఎలా గడుస్తుందో చూద్దాం.

ఉదయం ప్రార్థనకు ముందే ఇద్దరు ఉపాధ్యాయులు సెలవు చీటీ పంపారు. వారి తరగతులకు ఎవరిని పంపాలో సర్దుబాటు చేయాలి. ప్రార్థన ముగిసేసరికి ఒక తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కొడుకును వేరే బడిలో చేర్చాలి, టి.సి. కావాలి. అది రాసి ఇస్తుండగా పైఅధికారి కార్యాలయం నుంచి ఫోను: మధ్యాహ్నంలోగా పిల్లల లెక్కలు పంపాలి. పదకొండు గంటలకు ఒక పిల్లవాడు మెట్ల మీద పడి మోకాలు కొట్టుకున్నాడు. పన్నెండుకు భోజనం వచ్చింది. పిల్లలకు వడ్డించే ముందు రుచి చూడాలి. మధ్యాహ్నం ఒక కొత్త ఉపాధ్యాయురాలు కళ్లనీళ్లతో వచ్చింది. ఎనిమిదో తరగతి తన మాట వినడం లేదని చెప్పింది. సాయంత్రం నగదు పుస్తకంలో సంతకాలు. గేటు వేసేసరికి ఒక చిన్న పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఆమెను తీసుకువెళ్లవలసినవారు రాలేదు. ఆ పిల్ల ఇల్లు చేరేదాకా బడి పెద్ద పని ముగియదు.

ఈ పనులను నాలుగు రకాలుగా విడదీయవచ్చు:

1. చదువుకు సంబంధించినవి: కాలపట్టిక వేయడం, తరగతులు పరిశీలించడం, ఉపాధ్యాయులకు సలహా ఇవ్వడం, పరీక్షలు జరిపించడం.
2. కార్యాలయానికి సంబంధించినవి: ప్రవేశాలు, టి.సి.లు, హాజరు, జమాఖర్చులు, నివేదికలు. చాలా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఉద్యోగుల జీతం బిల్లులు పెట్టేది కూడా ప్రధానోపాధ్యాయుడే.
3. భద్రతకు సంబంధించినవి: భవనం, తాగునీరు, మరుగుదొడ్లు, భోజనం, పిల్లల రక్షణ.
4. మనుషులకు సంబంధించినవి: తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అధికారులు, పేట పెద్దలు.

మధ్యాహ్న భోజనం సంగతి వచ్చింది కనుక ఒక చరిత్ర చెప్పుకోవాలి. పుదుచ్చేరిలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టడం ఫ్రెంచి పాలనలోనే, 1930లో మొదలైంది. అంటే ఈ ప్రాంతపు బడి పెద్దలకు పలకతో పాటు పళ్లెం బాధ్యత కూడా చాలాకాలంగా ఉంది.

పాఠగత ప్రశ్నలు 17.1

అ) ఖాళీలను పూరించండి.
1. పుదుచ్చేరిలో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ________ సంవత్సరంలో మొదలైంది.
2. తమిళంలో తేంగాయి అంటే ________.

ఆ) ఒక వాక్యంలో జవాబు రాయండి.
3. ప్రధానోపాధ్యాయుని పనులను ఎన్ని రకాలుగా విడదీశాం?

17.4 పదవి వల్ల మేలు

(1) తలుపు తెరిచే అధికారం. ఉపాధ్యాయుడు తన తరగతిలోని 40 మందికి మేలు చేయగలడు. ప్రధానోపాధ్యాయుడు బడి మొత్తానికి మేలు చేయగలడు. ఒక ఉదాహరణ చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ నియమం పెట్టారు. రేవు మీద బతికే ఇళ్లలో ఆ రెండు నెలలూ చేతిలో డబ్బు ఆడదు. కొత్త పుస్తకాలు, బట్టలు కొనవలసిన సమయమూ దాదాపు అదే. ఆ ఇంటి పిల్లవాడు యూనిఫారం లేకుండా వస్తే గేటు దగ్గర నిలబెట్టవచ్చు. లోపలికి రమ్మని కూర్చోబెట్టవచ్చు. నిలబెడితే నాలుగు రోజుల తరువాత వాడు బడికి రాడు. రమ్మంటే చదువు సాగుతుంది. ఆ మాట చెప్పడానికి నిధులు అక్కరలేదు, పైవారి అనుమతి అక్కరలేదు. బడి పెద్ద నోటి మాట చాలు.

(2) ఉపాధ్యాయులను తయారుచేసే అవకాశం. పైన చెప్పిన కొత్త ఉపాధ్యాయురాలిని మందలించి పంపవచ్చు. లేదా ఆమె తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చుని చూసి, ఎక్కడ లోపం ఉందో చెప్పి, అనుభవం ఉన్నవారి తరగతిని ఆమెకు చూపించవచ్చు. ఆమె నిలదొక్కుకుంటే మరో 30 ఏళ్లపాటు ఎన్నో వందల మంది పిల్లలు బాగుపడతారు. పిల్లల చదువుపై బడిలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది తరగతిలో జరిగే బోధన అనీ, దాని తరువాతి స్థానం బడి నాయకత్వానిదనీ 2004లో విదేశాల్లో జరిగిన ఒక పరిశీలన చెప్పింది. 2021లో అమెరికాలో వెలువడిన మరో నివేదిక ఈ సంగతిని లెక్కగట్టింది. అంతంతమాత్రపు ప్రిన్సిపాల్ స్థానంలో సమర్థులు వస్తే పిల్లలు ఒక ఏడాదిలో దాదాపు మూడు నెలల చదువు అదనంగా నేర్చుకుంటారని అందులో ఉంది. మన పరిస్థితులు వేరు కావచ్చు. కాని బడి పెద్ద మారితే బడి మారుతుందన్న సంగతి మన ఊళ్లలో కూడా అందరూ చూసిందే.

(3) గౌరవం, పరిచయాలు. పేటలో నలుగురూ నమస్కారం పెడతారు. ఎన్నో ఏళ్ల తరువాత ఒక పడవ యజమానో, నర్సో, పోలీసో "నన్ను గుర్తుపట్టారా మేడమ్?" అని పలకరిస్తారు.

(4) జీతం. జీతం పెరుగుతుంది, నిజమే. కాని అనుకున్నంత పెరుగుతుందా? ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. 2016 నుంచి అమలైన ఏడవ కేంద్ర వేతన సంఘం పట్టిక ప్రకారం కేంద్రీయ విద్యాలయంలో పి.జి. ఉపాధ్యాయుని మూలవేతనం 47,600 రూపాయలతో మొదలవుతుంది. వైస్ ప్రిన్సిపాల్‌కు 56,100, ప్రిన్సిపాల్‌కు 78,800. ఈ అంకెలు చూస్తే తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కాని పదోన్నతి పొందే ఉపాధ్యాయుడు అప్పటికే చాలా ఏళ్లు పనిచేసి ఉంటాడు. అతని మూలవేతనం 66,000 అనుకుందాం. వైస్ ప్రిన్సిపాల్ అయితే ముందు పాత పట్టీలో ఒక ఇంక్రిమెంటు కలుపుతారు. 68,000 అవుతుంది. తరువాత కొత్త పట్టీలో అంతకు సమానమైన అంకెకు, అది లేకపోతే పైఅంకెకు చేరుస్తారు. అది 69,000. అంటే మూలవేతనంలో పెరిగింది 3,000 రూపాయలు. దానిపై కరవుభత్యం వంటివి కలుస్తాయి. పట్టీ పైకి పెరుగుతుంది కనుక మున్ముందు పెన్షనుకూ మేలే. కాని వెంటనే చేతికి వచ్చే తేడా ఇంతే. వేరే ఊళ్లో రెండో కాపురం పెట్టవలసివస్తే ఆ తేడా అద్దెకు కూడా చాలదు. కాబట్టి జీతం కోసమే ఈ పదవి కోరుకునేవారు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి.

17.5 పదవిలోని భారం

(1) తరగతికి దూరం కావడం. చాలామంది ప్రధానోపాధ్యాయులు మొదట బాధపడేది దీనికే. నల్లబల్ల ముందు నిలబడితే ఫలితం ఆ గంటలోనే పిల్లల కళ్లలో కనిపిస్తుంది. కార్యాలయంలో చేసిన పనికి ఫలితం కనిపించడానికి ఏళ్లు పడుతుంది. కనిపించినా అది మరొకరి ఖాతాలో పడుతుంది.

(2) తన చేతిలో లేనివాటికి కూడా జవాబు చెప్పాలి. ఇది అన్నిటికన్నా బరువైనది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడిలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు చనిపోయారు. వంటశాల కప్పు నుంచి మంటలు ఆకుల పైకప్పుకు పాకాయి. ఆ కేసులో యాజమాన్యంతో పాటు ప్రధానోపాధ్యాయిని కూడా కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2013 జులైలో బీహారులోని ఒక గ్రామపు బడిలో విషం కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. అక్కడ కూడా ప్రధానోపాధ్యాయినిపై కేసు నడిచి శిక్ష పడింది. ఇవి అరుదైన ఘటనలు. అయినా తాళంచెవుల గుత్తి బరువు ఎంతో ఇవి చెబుతాయి. వంటగది పొయ్యి, మేడమెట్ల పిట్టగోడ, కరెంటు తీగ, నూనె డబ్బా – వీటిలో దేన్నీ "అది నా పని కాదు" అనడానికి వీలులేదు.

(3) చట్టం వేసిన బాధ్యతలు. వీటిలో మీకు ఉపయోగపడేవి కొన్ని తెలుసుకోండి.

• 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఈ చట్టం ప్రకారం బడి మారే పిల్లలకు టి.సి. వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయునిపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు.
• వయసు రుజువు పత్రం లేదని పిల్లలను తిప్పి పంపరాదు.
• పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం.
• ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. కమిటీ సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి.
• 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలి. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఒక ఏడాది వరకు జైలు, జరిమానా పడవచ్చు. "బడి పేరు పోతుంది" అన్న మాట చట్టం ముందు చెల్లదు.

(4) మధ్యలో నలగడం. పైన అధికారులు, కింద ఉపాధ్యాయులు, ఎదురుగా తల్లిదండ్రులు. ప్రైవేటు బడి అయితే యాజమాన్యం కూడా. ఫీజు వసూలు చేయమంటుంది యాజమాన్యం. గడువు ఇమ్మంటాడు తండ్రి. నిర్ణయాలు పైన మారినప్పుడు కింద నచ్చజెప్పవలసింది బడి పెద్దే. దీనికి పుదుచ్చేరిలోనే ఉదాహరణ ఉంది. ఇక్కడి నాలుగు ప్రాంతాల బడులు ఎంతోకాలం పొరుగు రాష్ట్రాల పాఠ్యప్రణాళికలను అనుసరించాయి. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళనాడు ప్రణాళికను, మాహే కేరళ ప్రణాళికను, యానాం ఆంధ్రప్రదేశ్ ప్రణాళికను పాటించాయి. 2023–24 నుంచి ప్రభుత్వ బడులు దశలవారీగా సి.బి.ఎస్.ఇ. పద్ధతికి మారాయి. కొత్త పుస్తకాలు, కొత్త పరీక్ష పద్ధతి వచ్చాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు "మావాడు నెగ్గుకురాగలడా?" అని తల్లిదండ్రులు అడిగేది ప్రధానోపాధ్యాయుణ్ణే.

(5) ఒంటరితనం. నిన్నటిదాకా ఉపాధ్యాయుల గదిలో కలిసి టీ తాగిన స్నేహితులు ఈరోజు గదిలోకి రాగానే మాట ఆపేస్తారు. వారిలో ఒకరు ఆలస్యంగా వస్తే హాజరుపట్టీలో గుర్తు పెట్టవలసింది మీరే. పెడితే స్నేహం చెడుతుంది. పెట్టకపోతే బడి చెడుతుంది.

(6) బదిలీ. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం భాగాలు ఒకచోట లేవు. కారైక్కాల్ దక్షిణాన తమిళనాడు తీరంలో ఉంది. మాహే పడమటి తీరంలో కేరళను ఆనుకుని, 600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. యానాం గోదావరి పాయ ఒడ్డున ఉంది. ఒకే ప్రభుత్వంలో ఉద్యోగమైనా బదిలీతో భాష, ఊరు, సముద్రం కూడా మారిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా పదోన్నతి అంటే తరచు వేరే మండలానికి వెళ్లడమే.

(7) ఊరి ఆపదలో బడి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. తుపానులప్పుడు బడులకు సెలవు. కాని బడి పెద్దకు సెలవు కాదు. తీరప్రాంతాల్లో బడి గదులు చాలాసార్లు సహాయ శిబిరాలవుతాయి. తాళాలు తీయాలి, రికార్డులు తడవకుండా చూడాలి, నీరు తగ్గాక గదులు శుభ్రం చేయించాలి.

పాఠగత ప్రశ్నలు 17.2

అ) కింది వాక్యాలు తప్పో ఒప్పో రాయండి.
1. టి.సి. లేదన్న కారణంతో 10 ఏళ్ల పిల్లను కొత్త బడి చేర్చుకోకుండా ఉండవచ్చు. ( )
2. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీ సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ( )

ఆ) జవాబు రాయండి.
3. మూలవేతనం 66,000 ఉన్న ఉపాధ్యాయుడు పైన చెప్పిన పద్ధతిలో వైస్ ప్రిన్సిపాల్ అయితే మూలవేతనం ఎంత పెరుగుతుంది?

17.6 ఇద్దరు తెలుగు పెద్దలు

మన చరిత్రలో బడులకు, కళాశాలలకు పెద్దలుగా పనిచేసినవారిలో ఇద్దరిని చూద్దాం.

రఘుపతి వెంకటరత్నం నాయుడు 1862లో మచిలీపట్నంలో జన్మించారు. 1899లో సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. తరువాత కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు వచ్చి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అంటరానితనం బలంగా ఉన్న ఆ కాలంలో దళిత విద్యార్థులకు చదువుకునే దారి చూపారు. ఆడపిల్లలను మగపిల్లలతో పాటు కళాశాలలో చేర్చుకున్నారు. పేద విద్యార్థులకు తన సంపాదనలోంచి సహాయం చేశారు. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. తరగతిలో మంచి పాఠం చెప్పడానికి పదవి అక్కరలేదు. కాని ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించడానికి పదవి కావాలి. ఆయన ఆ పదవిని అందుకు వాడారు.

రెండవవారు కందుకూరి వీరేశలింగం. న్యాయవాద వృత్తిలో అబద్ధం ఆడవలసి వస్తుందని ఆయన ఆ దారి వదిలి ఉపాధ్యాయులయ్యారు. ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నప్పుడు 1874లో అక్కడ బాలికల పాఠశాల నెలకొల్పారు. అదే సంవత్సరం వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. తరువాత రాజమహేంద్రవరానికి వచ్చి తెలుగు పండితునిగా పనిచేశారు. ఆంధ్రదేశంలో మొదటి వితంతు వివాహాన్ని 1881 డిసెంబరు 11న అక్కడే జరిపించారు. అప్పుడు ఆయన ప్రధానోపాధ్యాయుడు కారు.

ఈ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి జీవితం పదవి ఉంటే ఎంత చేయవచ్చో చెబుతుంది. రెండవ జీవితం పదవి లేకపోయినా ఎంత చేయవచ్చో చెబుతుంది.

17.7 నిర్ణయం ఎలా తీసుకోవాలి?

ఇప్పుడు మన ఉపాధ్యాయురాలి దగ్గరకు వద్దాం. ఆమె ఒక రాత్రి కాగితం తీసుకుని గీత గీశారు. ఒకవైపు మేలు, ఒకవైపు భారం రాశారు. రెండు వైపులా దాదాపు సమానంగా వచ్చాయి. కాగితం నిర్ణయం చెప్పలేదు.

అప్పుడు ఆమెకు ఒక విషయం తట్టింది. తాను రెండు ప్రశ్నలను కలిపేసి ఒకటిగా చూస్తున్నారు. ఈ పని నాకు కావాలా అన్నది మొదటి ప్రశ్న. ఇప్పుడు, ఈ ఊళ్లో కావాలా అన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు జవాబు కోసం ఆమె తనను తాను ఇలా అడిగారు: "గత మూడేళ్లలో బడిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఏది?" తన తరగతి ఫలితాలు గుర్తుకు వచ్చాయి. కాని వాటికన్నా ముందు గుర్తుకు వచ్చింది వేరొకటి. భిన్నాలు చెప్పలేక తడబడిన ఒక కొత్త టీచరుకు ఆమె వారం రోజులు సాయంత్రాలు దగ్గరుండి చూపించారు. ఆ తరువాత ఒకరోజు ఆ తరగతి పక్కగా వెళుతూ ఆగి విన్నారు. పాఠం చక్కగా సాగుతోంది. లోపలికి వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజంతా మనసు తేలికగా ఉంది. ఇతరులు బాగా చేస్తే చూసి సంతోషించే మనసు ఉన్నవారికి ఈ పదవిలో ప్రతిఫలం దొరుకుతుంది. పేరు తమకే రావాలనుకునేవారికి భారం మాత్రమే మిగులుతుంది. మొదటి ప్రశ్నకు ఆమె జవాబు దొరికింది.

రెండవ ప్రశ్న కష్టమైనది. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం పదోన్నతి వద్దంటే సాధారణంగా ఒక సంవత్సరం వరకు మళ్లీ ఇవ్వరు. ఈలోగా పదోన్నతి పొందిన జూనియర్లు ముందుకు వెళతారు. మళ్లీ వచ్చినప్పుడు ఏ ఊరు వస్తుందో చెప్పలేం. ఒప్పుకుంటే తల్లి దగ్గర ఉండవచ్చు. కాని కూతురి పరీక్షల ఉదయం పక్కన ఉండలేకపోవచ్చు. ఆ లోటును ఏ జీతమూ తీర్చదు.

ఆమె కూతురిని పిలిచి అడిగారు. "నాకు లెక్కలు ఫోనులో చెప్తావా అమ్మా?" అంది ఆ పిల్ల. కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మర్నాడు ఆమె ఒప్పుకుంటున్నట్టు రాసి ఇచ్చారు. పోగొట్టుకునేది ఏమిటో తెలిసే రాశారు. కొత్త బడిలో రోజుకు ఒక పీరియడు తాను తప్పక లెక్కలు చెప్పాలని కూడా నిర్ణయించుకున్నారు. సుద్దముక్కను పూర్తిగా వదలకుండా ఉండటానికి ఆమె చూసుకున్న దారి అది.

అదే పరిస్థితిలో మరొకరు "ఈ ఏడాది వద్దు" అని రాస్తే అది తప్పా? కాదు. ఇంట్లో మంచం పట్టిన పెద్దలున్నా, చంటిపిల్లలున్నా ఆగడమే సరైన నిర్ణయం కావచ్చు. ఒప్పుకున్నా, వద్దన్నా ఎదుటివారి మెప్పు కోసం చేయకూడదు.

పదవిని అంగీకరించేవారికి కొన్ని సూచనలు:

• మొదటి నెలలో ఏదీ మార్చకండి. చూడండి, వినండి, ఆయా నుంచి వాచ్‌మన్ వరకు అందరితో మాట్లాడండి.
• జమాఖర్చుల నియమాలు ముందే నేర్చుకోండి. తెలియని కాగితంపై సంతకం చేయకండి.
• వారానికి కొన్ని గంటలైనా తరగతుల్లో గడపండి. 2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులు ఏడాదికి 50 గంటల శిక్షణ పొందాలని సూచించింది. ఆ అవకాశం వదులుకోకండి.
• మరో బడి పెద్దతో స్నేహం చేయండి. మీ కష్టం వారికే బాగా అర్థమవుతుంది.

17.8 సారాంశం

ప్రధానోపాధ్యాయుడు చదువు, కార్యాలయం, భద్రత, మనుషులు అనే నాలుగు రకాల పనులు చూస్తాడు. బడి మొత్తానికి మేలు చేసే అధికారం, ఉపాధ్యాయులను తీర్చిదిద్దే అవకాశం, గౌరవం, కొంత జీతం పెరుగుదల ఈ పదవిలోని మేలు. తరగతికి దూరం కావడం, ఇతరుల తప్పులకు కూడా జవాబు చెప్పవలసి రావడం, చట్టపరమైన బాధ్యతలు, ఒంటరితనం, బదిలీ ఇందులోని భారం. మేలుకూ భారానికీ మూలం ఒక్కటే: ఇతరుల పనిపై మీకు బాధ్యత ఉండటం. కాబట్టి ఇతరుల ఎదుగుదలలో సంతోషం పొందేవారే ఈ పదవికి తగినవారు.

17.9 కృత్యం

మీకు దగ్గరలో ఉన్న ఒక బడికి వెళ్లండి. ముందుగా అనుమతి తీసుకుని ప్రధానోపాధ్యాయుణ్ణి ఈ మూడు ప్రశ్నలు అడగండి: (1) ఈరోజు మీరు ఎన్ని గంటలు తరగతుల్లో గడిపారు? (2) మీకు ఎక్కువ సంతోషం ఇచ్చిన పని ఏది? (3) నిద్ర పట్టనివ్వని ఆలోచన ఏది? జవాబులను పది వాక్యాల్లో రాయండి.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. ప్రధానోపాధ్యాయ పదవి వల్ల కలిగే మేలును మీ మాటల్లో వివరించండి.
2. "తాళంచెవుల గుత్తి" అన్న మాటతో తోటి ఉపాధ్యాయుడు ఏమి సూచించాడు?
3. రఘుపతి వెంకటరత్నం నాయుడు, కందుకూరి వీరేశలింగం జీవితాల నుంచి పదవి గురించి మీరు ఏమి గ్రహించారు?
4. ఈ పాఠంలోని ఉపాధ్యాయురాలి స్థానంలో మీరుంటే ఏమి నిర్ణయించేవారు? కారణాలు చెబుతూ ఆమెకు ఒక ఉత్తరం రాయండి.

17.11 పాఠగత ప్రశ్నల జవాబులు

17.1: (1) 1930 (2) కొబ్బరికాయ (3) నాలుగు రకాలుగా విడదీశాం.

17.2: (1) తప్పు (2) ఒప్పు (3) 3,000 రూపాయలు.